తుర్దాకున్ తాతకు పెద్దపీట

ఆ లోయలో ఎవరింట్లో విందు జరిగినా తుర్దాకున్‌కు తోర్ తప్పేది కాదు. గుమ్మానికి సరిగ్గా ఎదురుగా, గదిలో అన్నిటికంటే లోపలుండే చోటది. తలుపుకు ఎంత దూరమైతే అంత గౌరవం. డెబ్బై దాటిన మనిషి, నిండుగా తెల్ల గడ్డం, దీవించడానికి నోరు విప్పితే వింటున్నవాళ్ల కళ్లు చెమర్చేవి. అలాంటివాణ్ణి తీసుకెళ్లి పరుపు మీద పరుపు వేసి కూర్చోబెట్టకుండా ఎవరుంటారు? ఆయన కూడా ఆ మర్యాదకు మురిసిపోయేవాడు, ఒంట్లో అంతా సవ్యంగా ఉన్నన్నాళ్లూ.

పోయిన ఏడాది నుంచి తేడా వచ్చింది. ముందు రాత్రిళ్లు మాటిమాటికీ లేవడం మొదలైంది. తర్వాత పగలూ అదే తంతు. పోనీ పెరటి చివర దొడ్డి దాకా పడుతూ లేస్తూ వెళ్తే ధారేమన్నా సాఫీగా వస్తుందా అంటే అదీ లేదు. సన్నగా, ఆగి ఆగి, బతిమాలించుకుని వచ్చేది. ముగిసిందనుకుని గుమ్మం ఎక్కేలోపే మళ్లీ పిలుపు. కుక్క కూడా ఆయన్ని చూసి లేవడం మానేసింది.

భార్య కలీపా రోగం తేల్చేసింది. "చల్లటి రాయి మీద కూర్చునుంటావు. మూత్రపిండాలకు జలుబు చేసింది." ఆ ఊళ్లో కడుపునొప్పి నుంచి కాపురంలో కలహం దాకా అన్నిటికీ చల్లటి రాయే కారణం. ఒంటె బొచ్చుతో నడుముకు పట్టీ అల్లింది. అది కట్టుకున్నాక ఆయనకు ఉన్న బాధకు దురద తోడయింది.

"ఓసారి ఆసుపత్రికి పోరాదూ?" అంది ఆఖరికి.

"అక్కడున్న డాక్టరు ఎవరనుకున్నావు? అనార్‌కూల్. ఆ పిల్లకు పేరు పెట్టిననాడు చేతుల్లోకి తీసుకుని దీవించింది నేను. ఇప్పుడు దాని ముందు నిలబడి ఏమని చెప్పను?"

"జబ్బని చెప్పు."

"జబ్బు కాదు, వయసు. వయసుకు మందేముంటుంది?"

మగవాళ్లకు పరువు ఒంట్లో ఎక్కడ ఉంటుందో కలీపాకు ఇంత కాపురం తర్వాత కూడా అర్థం కాలేదు.

అసలు తంటా పక్కింటివాళ్ల విందులో వచ్చింది. తోర్‌లో కూర్చున్న పెద్దాయన లేచాడంటే విందు ముగిసినట్టు. ఆయన దీవిస్తాడు, అందరూ అరచేతులు పైకి పట్టి విని, చివర్లో తథాస్తు అన్నట్టుగా ఓమిన్ అని, ముఖాలు తడుముకుని లేస్తారు. ఆ రోజు తుర్దాకున్ ఆపుకోలేక లేచాడు. మాంసం ఇంకా కాగులోనే ఉడుకుతోంది. కానీ ఆయన లేవగానే గది గదంతా చేతులు పైకి పట్టింది. బయటికి దారి లేదు, దీవెన తప్ప. గబగబా రెండు ముక్కలు దీవించి పరుగు తీశాడు. దీవెన అయ్యాక మళ్లీ కూర్చోవడం ఎలా? అతిథులంతా బోర్సోక్ అనే వేయించిన పిండి ముక్కలు జేబుల్లో వేసుకుని ఆకలితో ఇళ్లకు పోయారు. ఆ ఇంటావిడ గొర్రె మాంసం వారం రోజులు తనే తింటూ తుర్దాకున్‌ను తలుచుకుంది. దీవెనలతో మాత్రం కాదు.

అప్పట్నుంచి ఎవరింటికి వెళ్లినా ఆయన గుమ్మం పక్కనే, చెప్పుల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. "నాకిక్కడే హాయిగా ఉంది" అనేవాడు. ఆ మాట ఎవరూ నమ్మలేదు. పెద్దమనిషి చెప్పుల దగ్గర కూర్చున్నాడంటే ఆ ఇంటి మీద అలిగాడనే లెక్క.

ఊళ్లోవాళ్లు నవ్వుకుని సరిపెట్టుకున్నారు గానీ, కాబోయే వియ్యంకుడు జుమాగాజీ సరిపెట్టుకోలేదు. తుర్దాకున్ మనవరాలు ఐజిరెక్‌ను జుమాగాజీ మనవడు తిలేక్‌కు అనుకున్నారు. మగపెళ్లివాళ్లు వచ్చి పిల్ల చెవులకు వెండి పోగులు కూడా పెట్టి వెళ్లారు. తల్లి పోయాక తుర్దాకున్ ఒళ్లో పెట్టుకుని పెంచిన పిల్ల అది. తిలేక్ పేరు చెబితే దాని ముఖం వెలగడం ఆయన చూశాడు. ఆ వెలుగు కోసం ఏమైనా చేయడానికి సిద్ధమే. కానీ వియ్యాలవారి విందుకు వెళ్లి చెప్పుల దగ్గర కూర్చుని, టీ ముట్టకుండా, అందరికంటే ముందు లేచి వచ్చేశాడు.

రెండు రోజులకే కబురొచ్చింది. "మా ఇల్లు మీ పెద్దాయన కంటికి ఆనకపోతే మా పోగులు మాకు పంపించండి." ఐజిరెక్ ఆ పూట అన్నం తినలేదు. చుట్టాలు మధ్యలో పడి, కాళ్లావేళ్లా పడి, ఇంకో విందుకు ఒప్పించారు. ఈసారి తుర్దాకున్ తోర్‌లో కూర్చోవాలి, ఆఖరిదాకా ఉండాలి, నిండు మనసుతో దీవించాలి. లేకపోతే సంబంధం లేనట్టే.

తుర్దాకున్ యుద్ధానికి వెళ్లేవాడిలా సిద్ధమయ్యాడు. విందుకు ముందురోజు నుంచీ గుక్కెడు నీళ్లు తాగలేదు. పైగా ముక్కు కారుతోందని కలీపా పొరుగింటి నుంచి జలుబు మాత్రలు తెచ్చి మింగించింది. పొద్దున్నే దొడ్డికి వెళ్లి ఎంతసేపు నిలబడినా ఒక్క చుక్క రాలేదు. ఆయన ఆనందానికి హద్దుల్లేవు.

"చూశావా, బావి ఎండగట్టేశాను" అన్నాడు భార్యతో.

"మరి పొట్ట చేత్తో పట్టుకున్నావెందుకు?"

"పట్టీ బిగుతయింది."

పట్టీ విప్పేశాడు. బిగుతు మాత్రం తగ్గలేదు.

ఐజిరెక్ కారు నడిపి తాతను, అవ్వను తీసుకెళ్లింది. జుమాగాజీ ఇంట్లో తోర్‌లో పరుపులు ఛాతీ ఎత్తున పేర్చారు. వాటి మీదికి ఎక్కుతుంటే తుర్దాకున్‌కు కళ్లు బైర్లు కమ్మాయి. పొత్తికడుపు రాయిలా గట్టిపడింది. లోపల నిండా ఉందని తెలుస్తోంది, కానీ దారి మూసుకుపోయింది. ఇంతకాలం ఆగని బాధ పడ్డవాడికి రాని బాధ ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసొచ్చింది.

తోర్‌లో కూర్చున్నవాడికి దక్కే మర్యాదగా ఆయన ముందు గొర్రె తలకాయ పెట్టారు. ముందుకు వంగి దాని చెవి కోయాలి. వంగితే ప్రాణం పోయేలా ఉంది. నిటారుగా కూర్చునే, ఎటో చూస్తూ, కత్తితో తడుముతున్నాడు. నుదుటి మీంచి చెమట కారి గడ్డంలోకి దిగుతోంది. జుమాగాజీ, ఇంటాయన గనక, ఒకచోట నిలవడం లేదు. టీ నీళ్లు కాగే సమోవార్ చూసొస్తానని ఓసారి, గుర్రాన్ని చూసొస్తానని ఓసారి బయటికి పోయి వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా వియ్యంకుడి ముఖం చూస్తున్నాడు. అది ప్రతిసారీ ఇంకాస్త చేదుగా కనిపిస్తోంది.

"మా గొర్రె నచ్చలేదా బావగారూ?"

"మంచి గొర్రె."

"టీ ముట్టలేదు?"

"వేడిగా ఉంది బావగారూ."

"వచ్చినప్పట్నుంచీ వేడిగానే ఉందా? మా సమోవార్‌కు అంత శక్తి ఉందని నాకు తెలీదు."

కొందరు నవ్వారు. జుమాగాజీ నవ్వలేదు. భోజనాలయ్యాయి. దీవెన వేళ వచ్చింది. గదిలో అందరూ అరచేతులు పైకి పట్టారు. తుర్దాకున్ కూడా పట్టాడు. నోరు తెరిచాడు. దీవెనకు బదులు మూలుగు వచ్చింది.

మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ మూలుగే.

జుమాగాజీ చేతులు దించేశాడు. "చాలు బావగారూ. ఇష్టం లేని దీవెన బలవంతాన రాదు. మా వెండి మాకిచ్చేయండి, మీ పిల్లను మీరు తీసుకెళ్లండి. శత్రుత్వం లేదు."

గుమ్మం దగ్గర టీ పోస్తున్నది ఐజిరెక్. కేటిల్ కింద పెట్టింది. రెండు చేతులూ చెవుల దగ్గరికి తీసుకెళ్లింది. పోగు కొక్కెం ఊడదీస్తుంటే దాని ముఖంలో వెలుగు ఆరిపోవడం ఆ గది అవతలి నుంచి కూడా తుర్దాకున్‌కు కనిపించింది. పొట్టలోని నొప్పి కంటే అది ఎక్కువ నొప్పి పెట్టింది.

"తియ్యకే తల్లీ" అన్నాడు. గదిలో వియ్యాలవారి ఆడవాళ్లున్నారు, కోడళ్లున్నారు, మసీదు పెద్దున్నాడు. అందరినీ ఓసారి చూసి, కళ్లు మూసుకుని చెప్పేశాడు. "నాకు పొద్దున్నుంచీ ఒంటేలు రావడం లేదు. చుక్క కూడా రావడం లేదు. పొట్ట పగిలిపోతోంది. అంతకుముందు ఏడాదిగా ఆగడం లేదు. అందుకే చెప్పుల దగ్గర కూర్చున్నాను. మీ ఇల్లంటే నాకు గౌరవమే బావగారూ, కానీ మీ తోర్ నుంచి మీ దొడ్డి చాలా దూరం."

కలీపా తలగుడ్డ చెంగుతో ముఖం కప్పుకుంది. జుమాగాజీ మీసం ఒకటి రెండుసార్లు కదిలింది.

"పొద్దున్నుంచీనా?" అన్నాడు. గొంతు మారిపోయింది. "తిలేక్, నిలబడి చూస్తావేంరా? తాతను ఎత్తు. అమ్మాయ్, కారు తియ్."

ఐజిరెక్ కారు నడిపింది, తిలేక్ పక్కన కూర్చున్నాడు, ముసలి వియ్యంకులిద్దరూ వెనక. ప్రతి గతుకుకీ తుర్దాకున్ ఒకసారి చచ్చి బతుకుతున్నాడు. జుమాగాజీ ఆయన చేయి పట్టుకుని, ముందున్న పిల్లలకు వినపడకుండా చెవిలో అన్నాడు.

"బావగారూ, మూడేళ్లుగా నేను ఎవరింటికీ విందుకు వెళ్లలేదు, గమనించారా?"

"గర్వం అనుకున్నాం."

"అందరూ అలాగే అనుకున్నారు. మంచిదే అనుకుని ఊరుకున్నాను. మా ఇంట్లోనైతే నేను ఇంటాయన్ని, ఎన్నిసార్లు లేచినా అడిగేవాడు లేడు. లేకపోతే ఆ గుర్రాన్ని అన్నిసార్లు చూడాల్సిన పనేముంది, అదేమన్నా పెళ్లికూతురా?"

తుర్దాకున్‌కు నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి. నవ్వించొద్దని వియ్యంకుణ్ణి బతిమాలాడు. ఐజిరెక్ రేడియో గొంతు పెంచింది.

ఆసుపత్రిలో అనార్‌కూల్ పొట్ట మీద చేయి వేసి ఇంకేమీ అడగలేదు. సన్నటి గొట్టం పెట్టింది. కాసేపటికి సంచి నిండింది. తుర్దాకున్ ముఖంలో పసిబిడ్డ నిద్రపోయేటప్పటి శాంతం వచ్చింది. ఇన్నేళ్లలో తాను ఎందరినో దీవించాడు గానీ, ఈ గొట్టం లాంటి దీవెన ఇంకొకటి లేదనిపించింది.

"ఏడాదిగా ఇలా ఉంటే ఎందుకు రాలేదు పెద్దాయనా?" అని అడిగింది డాక్టరు.

"చల్లటి రాయి అనుకున్నామమ్మా. వయసు అనుకున్నాం."

"రాయీ కాదు, ఊరికే వయసూ కాదు. మూత్రం సంచి కింద ఓ గ్రంథి ఉంటుంది, మగవాళ్లకు వయసుతో అది ఉబ్బి దారి నొక్కుతుంది. దానికి మందులున్నాయి. అవసరమైతే ఆపరేషన్ ఉంది. నీళ్లు మానేస్తే లాభం లేదు, మీకే నష్టం. ఆ జలుబు మాత్రలున్నాయే, కొన్ని రకాలు ఇలాంటివాళ్లకు ఉన్న దారిని మూసేస్తాయి. ఇంకాస్త ఆలస్యమైతే వెనక్కి తన్ని మూత్రపిండాలు పాడయ్యేవి."

జుమాగాజీ గోడ వైపు చూస్తూ అడిగాడు. "మరి డాక్టరమ్మా, ఎప్పుడు రావాలి? అంటే, నాకు తెలిసిన ఒకాయనున్నాడు."

"ధార సన్నబడినా, రాత్రి పదేపదే లేవాల్సి వస్తున్నా తీరిక చేసుకుని రమ్మనండి. మంటతో పాటు చలిజ్వరమొచ్చినా, నడుము పక్కన పొడిచినట్టున్నా, మూత్రం ఎర్రగా కనిపించినా ఆ రోజే రావాలి. రక్తం ఒకసారి కనిపించి ఆగిపోయిందని ఊరుకోకూడదు. పొట్ట నిండుగా ఉండి చుక్క రాకపోతే మాత్రం అప్పటికప్పుడు బయల్దేరాలి, దీవెన అయ్యేదాకా కూడా ఆగకూడదు." ఆ చివరి మాట అంటున్నప్పుడు అనార్‌కూల్, విందులో జరిగింది చెప్పిన ఐజిరెక్‌ను చూసి నవ్వు ఆపుకుంది. "ఆ తెలిసినాయన్ని రేపు పొద్దున్న రమ్మనండి. ఆయనకూ పరీక్షలు చేయాలి."

"చెబుతాను" అన్నాడు జుమాగాజీ గోడతోనే.

తర్వాత ఐజిరెక్ మంచం పక్కకు వచ్చి నిలబడింది, దాని పక్కన తిలేక్. ఒక చెవికి పోగు ఉంది, ఇంకోటి దాని పిడికిట్లో ఉంది. తుర్దాకున్ ఆ చెయ్యి తెరిచి పోగు తీసుకుని, తనే దాని చెవికి పెట్టాడు. తర్వాత సంచి వేలాడుతున్న మంచం మీదే లేచి కూర్చుని అరచేతులు పైకి పట్టాడు. మంద పెరగాలని, పొయ్యి ఆరకూడదని, ఎప్పుడూ చెప్పే మాటలు నాలుక మీదికి వచ్చాయి. వాటిని పక్కన పెట్టాడు.

"ఎక్కడ నొప్పి ఉందో ఒకరికొకరు చెప్పుకోండి" అన్నాడు. "సిగ్గుపడి దాచుకోకండి. నేను ఏడాది దాచుకుని, మీ ఇద్దర్నీ విడదీయబోయాను. దేవుడు మీ ఇద్దరి మధ్యా దాపరికం లేకుండా చూడాలి. ఓమిన్."

అందరికంటే గట్టిగా ఓమిన్ అన్నది జుమాగాజీ. కళ్లు తడిసే ఉన్నాయి. ముఖం తడుముకున్న చేతులు ఇంకా దించకుండానే నర్సు వైపు తిరిగాడు.

"అమ్మా, ఇక్కడ దొడ్డి ఎటువైపు?"