బాపు కుమ్మరించిన తెలుపు

చేవెళ్ల రోడ్డు మీది వీరేశం సిమెంటు దుకాణం పక్కగోడ నిండా ఆయన కూతురు మనోజ్ఞ రంగులు వేసింది. చూద్దామంటే బొమ్మ కాదు, చదువుదామంటే రాత కాదు. ఎర్రటి, నల్లటి అక్షరాలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ గోడంతా పాకాయి. అయినా ఏదో తక్కువైందని ఆమెకు పొద్దుటి నుంచీ చిరాగ్గానే ఉంది.

మొయినాబాద్‌లో సరుకు దింపించి వచ్చిన వీరేశం బండి దిగకుండానే అరిచాడు.

"ఎవర్నడిగి ఏసినవే? ఏందిది?"

"మనసు, బాపు."

"గిట్లుంటదా మనసు? ఎవరిదే?"

"నీదే. చిన్నప్పటి సంది నువ్వు నన్నన్న మాటలే అన్నీ. ఒకదాని మీద ఒకటి రాసుకుంట పోయిన."

ఎదుటి చాయ్ హోటల్ ముందున్నవాళ్లు గోడలో మాటలు వెతకసాగారు. ఒకాయనకు 'ఎవర్నడిగి' దొరికింది. పైకే చదివాడు. అందరూ పకపకా నవ్వారు.

వీరేశానికి ఒళ్లు మండింది. వాకిట్లో కలిపి పెట్టిన సున్నం బకెట్ ఎత్తి గోడ మీద కుమ్మరించాడు. నడిమధ్యలో ఫెడీమని పడ్డ తెలుపు, గోళ్లతో రక్కినట్టు చారలు చారలుగా కిందికి జారింది.

మనోజ్ఞ ఆయనకు అడ్డుపడలేదు. వెనక్కి జరిగి, కళ్లు చికిలించి చూసింది. తర్వాత స్ప్రే డబ్బా ఊపి గోడ కింది మూలన తన పేరు రాసింది. పక్కనే 'వీరేశం' అని రాసింది.

"నా పేరెందుకే? ముందు ఆ సున్నం కడుగు!"

"కడగ, బాపు. పొద్దటి సంది నాకు కుదరని కోపం, నీకు ఒక్క బకెట్‌తోని కుదిరింది."