బావ భయం

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్ళో జనాన్నంతా పై అంతస్తులకు చేర్చే మనిషి, మాతో బయటికి వస్తే మాత్రం మెట్లెక్కుదామంటాడు. ఒకవేళ లిఫ్టే ఎక్కాల్సి వస్తే ముందు తలుపు చప్పుడు వినాలి, నేలను కాలితో తట్టాలి. అప్పుడుగానీ మమ్మల్ని లోపలికి రానివ్వడు. ఇలాంటి బావ దొరికాక ఏ మరదలైనా ఆట పట్టించకుండా ఉంటుందా? నేనైతే అసలు ఉండలేను.

అక్కకు పెళ్ళికి ముందునుంచీ ఒకటే కోరిక, చుట్టూ సముద్రం ఉన్న నేల మీద ఒక్కసారి నిలబడాలని. పక్కింటావిడ ఏదో ద్వీపానికి వెళ్ళొచ్చి ఫొటోలు చూపించాక ఆ కోరిక కాస్తా పంతమైంది. ఈసారి తనూ వెళ్తున్నానని వీధంతా చెప్పేసింది. చూడకుండా తిరిగొస్తే ఇక తలెత్తుకోలేదు. బావ సెలవు పెట్టాడు. తోడుగా నన్నూ తీసుకెళ్ళారు.

మేం వెళ్ళిన సముద్రపు ఒడ్డు నగరంలో గాలే తడిగా ఉంటుంది. హోటల్ గదిలో ఆరేసిన తువ్వాలు మర్నాటికీ ఆరలేదు. వీధులన్నీ కొండ దిగి సముద్రం దగ్గరే ఆగుతాయి. గోడలమీద నాచు, నాచుమీద కాగితపు పూల తీగలు. కిటికీ తెరిస్తే ఎదురుగా ద్వీపాలు, చేయి చాస్తే అందేట్టున్నాయి. రేవునుంచి అక్కడికి లాంచీలు సిటీ బస్సుల్లా తిరుగుతూనే ఉంటాయి.

మొదటిరోజే రేవుకు వెళ్ళాం. గట్టుకూ లాంచీకీ మధ్య ఒక చెక్క వేశారు. నేను చకచకా దాటేసి వెనక్కి చూస్తే బావ ఇంకా గట్టుమీదే ఉన్నాడు. ఇందులో ఎంతమంది ఎక్కొచ్చు, అది రాసిన పలక ఏదీ అని లాంచీ నడిపే ఆయన్ని నిలదీస్తున్నాడు. నిండేదాకా ఎక్కొచ్చని ఆయన నవ్వాడు. అంతే, బావ అక్క చేయి పట్టుకుని వెనక్కి తిరిగాడు. నేనూ దిగక తప్పలేదు. మర్నాడు అలలు ఎక్కువన్నాడు. ఆ మర్నాడు ఇంజను చప్పుడు నచ్చలేదన్నాడు. సముద్రం కదలకుండా పడుకున్న రోజున, ఇంత నిశ్చలంగా ఉందంటే ఏదో తేడా ఉందన్నాడు.

ఇక నా నోటికి పట్టపగ్గాల్లేవు. భోజనం దగ్గర మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టి, "లోతు చూసుకుని తాగు బావా" అన్నాను. స్నానానికి వెళుతుంటే బకెట్ దగ్గర జాగ్రత్తని చెప్పాను. బావ చెవులు ఎర్రబడేవిగానీ తిరిగి ఒక్క మాట అనేవాడు కాదు. అక్క మాత్రం నవ్వేది కాదు. కిటికీ దగ్గర కూర్చుని ద్వీపాలవైపే చూసేది. మొగుడి పిరికితనానికి దాని కోరిక బలైపోతోందని నాకు ఒళ్ళు మండింది.

చివరిరోజు పొద్దున్నే గొడవ పెట్టుకుందామని సిద్ధమయ్యాను. బావ ఆ అవకాశం ఇవ్వలేదు. తనే మమ్మల్ని రేవుకు తీసుకెళ్ళాడు. చెక్క దగ్గర ఆగి, తన సంచి తీసి అక్క భుజానికి తగిలించాడు.

"నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నువ్వు ముందు నడువు, నీ చేయి పట్టుకుని వస్తాను. మధ్యలో ఆగావంటే పడిపోతాను" అన్నాడు.

అక్క ఆయన మొహంలోకి చూసింది. కొంగు నడుముకు దోపింది. "ఏం కాదు, నేనున్నాగా. కిందికి చూడకండి" అంటూ చెక్క దాటించింది. అవతలి గట్టు చేరేదాకా ఆయన చేయి వదల్లేదు. లాంచీ ఊగినప్పుడల్లా ఆయనకు ధైర్యం చెబుతూనే ఉంది.

దిగగానే అక్క చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలోకి పరుగెత్తింది. నాకేమో లాంచీలో గొడుగు మరిచిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చెక్క అప్పటికే తీసేశారు. నేను అయ్యో అనేలోపే బావ గట్టుమీంచి లాంచీలోకి దూకాడు. గొడుగు అందుకుని, ఊగుతున్న అంచుమీద అడుగేసి మళ్ళీ ఇవతలికి దూకాడు. ఎక్కడా తడబడలేదు. "మరి ఇందాక కళ్ళు తిరుగుతున్నాయన్నావుగా?" అన్నాను.

"మొదటిరోజు నువ్వు ముందే దాటేశావు, చూడలేదు. మీ అక్క చెక్కమీద కాలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది. చేయి చల్లబడిపోయింది" అన్నాడు బావ మెల్లగా. "నాలుగు రోజులు చూస్తే తనకే ధైర్యం వస్తుందనుకున్నాను. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకు భయపడకండని చెబితే ఇంకా భయపడతారు. పక్కవాళ్ళను చూసుకోమంటే తమ సంగతి మరిచిపోతారు. ఇది మాత్రం తనకు చెప్పకు."

"మరి నేను అన్నేసి మాటలంటుంటే ఎందుకు పడ్డావు?"

"నన్ను అంటున్నంతసేపూ మీ అక్కను అనవు కదా."

నాకు ఏడుపొచ్చింది. గొడుగు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

సాయంత్రం తిరుగు లాంచీ వచ్చింది. అక్క చెక్క దగ్గర ఆగి, నీళ్ళవైపు చూసి గుటక వేసింది. ఈసారి నేను చూశాను.

"అక్కా, బావ మొహం చూడు, ఎలా పాలిపోయిందో. గట్టిగా పట్టుకో" అన్నాను.

అక్క గబుక్కున చేయి చాపింది. బావ బుద్ధిగా అందుకున్నాడు.