ఎబ్లక్క ఖాళీ చెంచా

గూలేద్‌కు షుగర్ ఉందని గురువారం తేలింది. చెప్పింది కన్నకూతురే. హోదన్ ఆసుపత్రిలో నర్సు. తండ్రి వేలు పొడిచి, అంకె చూసి మండిపడింది.

"ఒంటెల వెంట పగలంతా నడిచినవాళ్లు ఇక్కడికొచ్చి టాక్సీల్లో కూర్చున్నారు. నడక మానారు గానీ టీలో నాలుగు చెంచాల చక్కెర మానరు. ఇవాళ్టితో బంద్ నాన్నా!"

గూలేద్ జబ్బుకు భయపడలేదు. దిరియెకు భయపడ్డాడు.

మినియాపొలిస్‌లో ఎబ్లా టీకొట్టు మూలబల్ల దగ్గర చేరే సోమాలీ టాక్సీవాళ్లకు అడ్డపేర్లు పెట్టేది చెవుల దిరియే. ఒక్కసారి పేరు పడిందా, సమాధి దాకా వదలదు. సమతార్ ఇక్కడికి వచ్చిన తొలి చలికాలంలో ఒకే ఒక్కసారి మంచుమీద కాలు జారాడు. ఇరవై రెండేళ్లయినా 'జారిపడ్డ సమతారే'. మొన్న కూతురి పెళ్లి కార్డులో కూడా అలాగే వేయించుకున్నాడు పాపం, లేకపోతే పెళ్లి ఎవరింట్లోనో తెలియక జనం రారని.

ఇప్పుడు తను 'షుగర్ గూలేద్' అయితే? ఆ పేరు ఒక్కపూటలో సొంతూరు మొగదిషు చేరుతుంది. పుట్టబోయే మనవడు కూడా షుగర్ గూలేద్ మనవడే అవుతాడు.

మర్నాడు గూలేద్ టీకొట్టు దొడ్డిదారిన ఎబ్లా వంటింట్లోకి దూరాడు.

"అక్కా, నా కప్పులో చక్కెర వెయ్యకు. చెంచా మాత్రం గట్టిగా తిప్పు, బయటికి వినబడాలి."

ఎబ్లా అతణ్ణి అదోలా చూసి, "సరేలే తమ్ముడూ" అంది.

మూడు వారాలపాటు గూలేద్ ఆ చప్పిడి టీ తాగుతూ "అబ్బ, పాకంలా ఉంది!" అని లొట్టలు వేశాడు. దిరియె అతనికంటే గట్టిగా వేసేవాడు. ఒకరోజు ఒంటెపాలు గొప్పా మేకపాలు గొప్పా అని వాదన ముదిరింది. ఆ ఊపులో గూలేద్ పక్కనున్న దిరియె కప్పు ఎత్తి గుటకేశాడు.

"ఒరే చెవులోడా! నీ టీలో చక్కెరేదిరా?"

దిరియె తడబడ్డాడు. చటుక్కున గూలేద్ కప్పు లాక్కుని తాగాడు.

"నీదాంట్లో మాత్రం ఏడ్చిందా?"

ఎబ్లా చెంచా తెచ్చి బల్లమీద విసిరికొట్టింది.

"చాలించండయ్యా! ఒకరి తర్వాత ఒకరు దొంగల్లా వచ్చి నా చెవి కొరికారు. ఖాళీ చెంచా తిప్పితిప్పి నా మణికట్టు పడిపోయింది. ఈ బల్లకు చక్కెర వేసి మూడు వారాలైంది!"

"నేను రాలేదక్కా," అన్నాడు సమతార్ దీనంగా. "నాకే జబ్బూ లేదు. మా అల్లుడు పోయిన నెలే పరీక్ష చేయించాడు. నీకు పిసినారితనం పట్టిందేమోనని, అడిగితే బాగుండదని ఊరుకున్నా."

అందరూ సమతార్ వైపు తిరిగారు. దిరియె గొంతు సవరించుకున్నాడు. గూలేద్ ఊపిరి బిగబట్టాడు.

"షుగర్ లేని సమతార్!" అన్నాడు దిరియె.

బల్లంతా పగలబడి నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది సమతారే. ఇరవై రెండేళ్లకు మంచుమీంచి లేచానంటూ, తనకు నాలుగు చెంచాలు వేసి టీ తెమ్మన్నాడు.

తెల్లారేసరికి మొగదిషు నుంచి చెల్లెలి ఫోను.

"అన్నయ్యా, మన సమతార్‌కు షుగర్ లేదటగా, పాపం!"

"ఏం చేస్తామే, వాడి రాత."

"మరి నీకో?"

గూలేద్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"నాకుందే తల్లీ. నిక్షేపంలా ఉంది!"