ఖర్చు లేని హామీ

"దీనికి మాత్రం పైసా ఖర్చు లేదండీ" అని ముందుగదిలో మా ఆయన అంటున్నప్పుడు నేను లోపలి గదిలో అత్తయ్యను పక్కకు తిప్పుతున్నాను. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయిన మనిషిని తిప్పడానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఆ మోకాలు మడవాలి. ఒక చెయ్యి భుజం వెనక, ఇంకో చెయ్యి తుంటి వెనక వేసి మన వైపుకు లాక్కోవాలి. తోస్తే భయపడతారు, లాగితే తిరుగుతారు. తిరిగాక తడిసిన దుప్పటిని వీపు వెంట చుట్టి, పొడిది పరిచి, మళ్ళీ అటు తిప్పి పాతది లాగెయ్యాలి. వీపు తుడవాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూడాలి. ఇదంతా చేస్తూ, "ఏం ఫరవాలేదు అత్తయ్యా" అని నవ్వుతూ అనాలి. ఆ నవ్వు కూడా పనే.

ఖర్చు లేదన్న మాట వినగానే నా చేతులు ఒక్క క్షణం ఆగాయి.

ముందుగదిలో ఉన్నది పార్టీ హామీల కమిటీ. నగర పాలకవర్గానికి ఎన్నికలు వస్తున్నాయి. మా ఆయన పన్నుల సలహాదారు, లెక్కలు తెలిసిన మనిషి. అందుకని పార్టీ వాళ్ళు హామీలు రాసే పని ఆయనకు అప్పగించారు. కమిటీ మా ఇంట్లోనే కూర్చుంటుంది. ఎందుకంటే మా ఇంట్లో టీ ఆగదు. ఎప్పుడూ పార్టీ పదవుల్లో ఉండే చైర్మన్ గారు, రిటైరైన లెక్కల మాస్టారు, ఊరేగింపుల్లో నినాదాలు ఇచ్చే మైకు బాబాయి, మహిళా విభాగం ఆవిడ. వీళ్ళు నలుగురు, మా ఆయనతో అయిదుగురు. హామీలు మూడు రకాలు. ఇంటి పన్ను పెంచరు. ఆడవాళ్ళకు సిటీ బస్సులో టికెట్ ఉండదు. ఆసుపత్రుల్లో మంచాలు చాలడం లేదు కాబట్టి, ప్రాణాపాయం దాటిన రోగిని వెంటనే ఇంటికి పంపిస్తారు. నర్సు అప్పుడప్పుడు వచ్చి చూసి వెళుతుంది. తక్కినదంతా కుటుంబం ప్రేమగా చూసుకుంటుంది. అలా చూసుకునే ఇంటికి ఇంటి పన్నులో తగ్గింపు కూడా ఉంటుంది. ఇల్లు ఎవరి పేరున ఉంటే ఆ తగ్గింపు వాళ్ళది. ఈ వీధిలో ఇళ్ళు ఎవరి పేరున ఉన్నాయో వేరే చెప్పాలా?

టీ పట్టుకెళ్ళాను. మైకు బాబాయి గొంతు సవరించుకుని సాధన చేస్తున్నాడు. "ఇల్లే ఆసుపత్రి! ప్రేమే మందు!"

"అదిరిందయ్యా" అన్నారు చైర్మన్ గారు. తరవాత నా వైపు తిరిగారు. "రామ్మా. నీ గురించే అనుకుంటున్నాం. ఆదివారం హాల్లో హామీలు విడుదల చేస్తున్నాం కదా. నిన్నూ మీ అత్తగారినీ ముందు వరసలో కూర్చోబెడతాం. చక్రాల కుర్చీ నేను పంపిస్తా. అత్తగారి కోసం ఉద్యోగం వదులుకున్న కోడలు అని మీ ఆయన స్టేజి మీద చెప్తాడు. జనం కంటతడి పెట్టాలి."

"ఎవరు వదులుకున్నారండీ?" అన్నాను.

చైర్మన్ గారు మా ఆయన వైపు చూశారు. మా ఆయన టీ కప్పు లోపలికి చూశాడు.

నేను సిటీ బస్సుల డిపోలో కంట్రోలర్‌ని. ఏ బస్సుకు ఏ డ్రైవరు, ఏ కండక్టరు అని రోజూ డ్యూటీ చార్టు వేసేది నేనే. అత్తయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు సెలవు పెట్టాను. ఇంట్లో ఎవరూ పెట్టమని అడగలేదు. పెడతానని అందరికీ ముందే తెలుసు. శనివారంతో ఆ సెలవు అయిపోతుంది. ఆదివారం పొద్దున చేరకపోతే నా కుర్చీ వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని డిపో మేనేజరు మర్యాదగానే చెప్పాడు. చేరతానని నేను ఒప్పుకున్నాను. ఆ మాట మా ఆయనకు రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ ఆయన "చూద్దాంలే" అన్నాడు. ఆ "చూద్దాంలే"కి అర్థం ఇది అని ఇప్పుడు, ట్రే పట్టుకుని నలుగురి ముందు నిలబడ్డప్పుడు తెలిసింది.

డిపోలో స్పేర్ అని ఒక డ్యూటీ ఉంటుంది. ఆ రోజు స్పేర్ పడ్డ మనిషికి బస్సు ఉండదు. రూటు ఉండదు. యూనిఫాం వేసుకుని బెంచీ మీద కూర్చోవాలి. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో పెళ్ళయినా వాళ్ళ బస్సు ఎక్కాలి. స్పేర్ కూర్చోవడం ఎవరికీ ఇష్టముండదు. అందుకే వంతులవారీగా వేస్తాను, పక్షపాతం చూపిస్తే యూనియన్ వాళ్ళు నా టేబులు బద్దలు కొడతారు. అయినా స్పేర్‌కి జీతం ఉంది. సాయంత్రం దిగిపోతాడు. మా ఇంట్లో నేను పెళ్ళయిన రోజు నుంచీ స్పేర్‌ని. మామయ్య గారికి ఆపరేషన్ అయితే నేను. ఆడపడుచుకు పురుడైతే నేను. పిల్లకు పరీక్షలైతే నేను. "నువ్వున్నావు కాబట్టి మాకు నిశ్చింత వదినా" అంటుంది ఆడపడుచు ఫోన్లో. ఆ నిశ్చింత ఎక్కడి నుంచి వస్తుందో ఆమె ఎప్పుడూ అడగలేదు, కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి అన్నట్టు ఉంటుంది ఆ మాట. మా ఆయన అయితే ఊళ్ళో వాళ్ళ రాబడికి లెక్కలు రాస్తాడు. వాళ్ళ అరుగు మీద వచ్చే అద్దె కూడా వదలడు. నా రోజు మాత్రం ఆయన లెక్కలోకి ఏనాడూ రాలేదు.

ట్రే కింద పెట్టాను.

"ఒక సందేహమండీ. రోగిని ఇంటికి పంపిస్తారు. చూసేదెవరు?"

"కుటుంబం" అన్నారు లెక్కల మాస్టారు.

"కుటుంబంలో ఎవరు?"

"ఇదేం ప్రశ్నమ్మా! ఇంట్లోవాళ్ళు."

"మా డిపోలో చార్టు మీద 'సిబ్బంది' అని రాసి వదిలేస్తే బస్సు గేటు దాటదు మాస్టారూ. మనిషి పేరు రాయాలి."

మైకు బాబాయి నవ్వాడు. "ఇల్లు డిపో కాదు తల్లీ."

"కాదు బాబాయ్. డిపోలో వారానికో సెలవుంది."

అందరూ నవ్వారు. మహిళా విభాగం ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చుంది.

"సరే, ఏం చెయ్యమంటావో చెప్పమ్మా" అన్నారు చైర్మన్ గారు, పిల్లలతో మాట్లాడే గొంతుతో.

"ఆయాలను పెట్టండి. జీతమిచ్చి. మంచాన పడ్డవాళ్ళున్న ప్రతి ఇంటికీ పగలు ఒక ఆయా వస్తుందని రాయండి. అప్పుడది హామీ."

మా ఆయన ఇప్పుడు తలెత్తాడు. ఇది ఆయన సబ్జెక్టు. "అంతమందికి జీతాలంటే డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? పన్ను వెయ్యాలి. పన్ను అన్నామంటే ఓటు పోయినట్టే. పన్ను వెయ్యం అన్నదే మన మొదటి హామీ."

"వెయ్యట్లేదని ఎవరన్నారు? వేస్తున్నారు. ఇంటికొక ఆడదాని మీద వేస్తున్నారు. రసీదు ఇవ్వట్లేదు, అంతే."

చైర్మన్ గారు టీ కప్పు కింద పెట్టారు. తరవాత మైకు బాబాయి, "డైలాగు బాగుంది. అవతలి పార్టీ వాళ్ళకు దొరక్కుండా చూసుకోండి" అన్నాడు. మళ్ళీ నవ్వులు. లెక్కల మాస్టారు తరవాతి హామీకి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళకు ఉచిత బస్సు. కొత్త బస్సులు ఎన్ని కొంటారు అని అడుగుదామనుకున్నాను. ఇప్పటికే నా డిపోలో జనం మెట్ల మీద వేలాడుతున్నారు. లోపలి నుంచి అత్తయ్య దగ్గు వినిపించింది, వెళ్ళిపోయాను.

కప్పులు కడుగుతుంటే మహిళా విభాగం ఆవిడ వంటగదిలోకి వచ్చింది. చెయ్యి కడుక్కోవడానికి వచ్చినట్టు వచ్చింది. "మా నాన్నను నేనే చూశానండీ, పోయేదాకా" అంది మెల్లిగా. "ఆ మాట అక్కడ అనాల్సింది నేను. అంటే వచ్చేసారి మీటింగుకు కబురు రాదు."

"కబురొచ్చి ఏం చేస్తున్నారు?" అన్నాను. మాట కటువుగానే వచ్చింది. ఆవిడ బాధపడలేదు. "అదే, కూర్చుంటున్నా" అని వెళ్ళిపోయింది.

కమిటీ వెళ్ళాక మా ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "నలుగురిలో పరువు తీశావు."

"రాజీనామా ఇస్తానని నేను ఎప్పుడు చెప్పాను?"

"అన్నీ చెప్పాలా? అమ్మ ఇలా ఉంది. పిల్ల హాస్టల్లో ఉంది. నీ జీతంతో మనం బతకట్లేదు. ఎవరైనా ఇదే అనుకుంటారు."

"నేను అనుకోలేదు."

"మరి అమ్మను ఎవరు చూస్తారు?"

ఇదే ప్రశ్న ముందుగదిలో నేను అడిగితే అందరికీ నవ్వొచ్చింది. ఇక్కడ ఆయన అడిగితే నవ్వు రాలేదు. నాకూ రాలేదు. ఆయన చెడ్డవాడైతే ఈ కథ సులువుగా ఉండేది. చెయ్యెత్తడు, తాగడు, మాట తూలడు. తల్లంటే ప్రాణం. రోజూ పొద్దున ఆమె మంచం దగ్గర నిలబడి "ఎలా ఉందమ్మా" అని అడుగుతాడు, జవాబు వినేలోపు బూట్లు వేసుకుంటాడు. ఆయన ప్రేమ ఆయనది, పని నాది. ఇన్నేళ్ళూ ఇద్దరం కలిసి ఒక మంచి కొడుకుని తయారు చేశాం, పేరు ఆయన తీసుకున్నాడు.

"నా డ్యూటీ తెల్లారి మొదలై మధ్యాహ్నానికి అయిపోతుంది. మీ దగ్గరికి జనం వచ్చేది సాయంత్రం" అన్నాను. "పొద్దుటి పూట మీరు. వచ్చాక నేను. ఆయాను వెతుకుదాం, దొరికేదాకా ఇలా."

"నేనా? మగాణ్ణి, అమ్మకు నేనెలా..."

"ఎలాగో నేర్పిస్తాను."

శనివారం నేర్పాను. దానికి ముందు అత్తయ్యతో మాట్లాడాల్సి వచ్చింది. ఆమె మాట ముద్దగా వస్తుంది, నాకు తప్ప ఇంకెవరికీ సరిగ్గా అర్థం కాదు. నోరు బాగున్న రోజుల్లో "బస్సుల వెంట తిరిగే కోడల్ని తెచ్చుకున్నాం" అని పక్కింటివాళ్ళతో అనేది. ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని, "వద్దమ్మాయ్. వాడు కొడుకు" అంది.

"కొడుకే కదా అత్తయ్యా."

"సిగ్గు."

"మొదటిరోజు నాకూ మీకూ ఇద్దరికీ సిగ్గేసింది. మీరు గోడవైపు చూశారు, నేను కిటికీవైపు చూశాను. ఎవరం చచ్చిపోలేదు."

ఆమె నా చెయ్యి వదిలేసింది. "నిజంగా పోతావా?" అంది.

"పోతాను."

"నా మీద కోపమా?"

కోపం లేదని చెప్పబోయి ఆగాను. ఎందుకు అబద్ధం? "ఉంది అత్తయ్యా. పోయేది మాత్రం దానికి కాదు. నాకు ఉద్యోగం ఉంది."

అత్తయ్య ఎడమ చేత్తో మంచం అంచు తట్టింది. కొడుకుని పిలవడానికి తట్టే తట్టు అది. మా ఆయన వచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని, యుద్ధానికి పంపుతున్నవాడిలా నిలబడ్డాడు. ఆమె కాలి మీద చెయ్యి వెయ్యగానే కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు తెరు" అంది అత్తయ్య. "పడేస్తావురా నన్ను."

నేను చెప్పే ప్రతి మాటా ఆమె ముద్దమాటల్లో ముందే చెప్పింది, ఆయనకు అర్థం కానివి నేను తిరిగి చెప్పాను. మోకాలు మడువు. భుజం కింద కాదు, వెనక. తొయ్యకు. లాగు. ఇన్నాళ్ళూ నా చేతుల కింద ఆమె ఊరికే పడుకోలేదు, పాఠం నేర్చుకుంటూనే ఉంది. రెండోసారికి ఆయనకు తిప్పడం వచ్చింది. చెమట పట్టింది. "దీన్ని రోజుకెన్నిసార్లు చేస్తున్నావు?" అని అడిగాడు. నేను చెప్పలేదు. చేస్తే తెలుస్తుంది.

ఆదివారం తెల్లవారకముందే తయారయ్యాను. హాంగరుకు ఆయన తెల్లచొక్కా వేలాడుతోంది, ఇస్త్రీ మడత చెదరకుండా. ఆయన లేచి మంచం మీద కూర్చున్నాడు. "పదింటికి హామీల విడుదల. చదివేది నేను. ఈ ఒక్కరోజు..."

"చేరాల్సింది ఈ ఒక్కరోజే" అని చెప్పులు వేసుకున్నాను.

డిపోలో నా కుర్చీ ఎత్తు ఎవరో మార్చారు. సరిచేసుకుని కూర్చున్నాను. మొదటి బస్సులు వెళ్ళాయి. ఒక కండక్టరమ్మ సంతకం పెడుతూ, "వచ్చేశారా మేడమ్! మీరు లేక మాకు ఎడాపెడా స్పేర్లు పడ్డాయి" అంది. హాయిగా నవ్వాను. నడుం నొప్పి తగ్గలేదు. కూర్చుని నొప్పి పడటం వేరు, వంగి నొప్పి పడటం వేరు.

ఎండెక్కాక ఫోన్ మోగింది. మా ఆయన.

"ఎప్పుడొస్తావు?"

"డ్యూటీ అయ్యాక."

"చైర్మన్ గారు కారు పంపారు. గేటు ముందు ఉంది."

"ఊఁ."

"అమ్మ పక్క తడిపింది."

"ఊఁ."

ఆయన ఆగాడు. నేను చెప్పాల్సిన మాటల కోసం ఆగాడు. అవన్నీ నా నాలుక మీదే ఉన్నాయి. పొడి దుప్పట్లు కింది అరలో ఉన్నాయి, నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, కారు వాణ్ణి పంపెయ్యండి, లేదా సరే, నేనే వచ్చేస్తాను. ఒక్కటీ అనలేదు. అవతల కారు హారన్ రెండుసార్లు మోగింది. వెనకనుంచి అత్తయ్య మంచం అంచు తట్టడం సన్నగా వినిపించింది. ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఏం చేశాడో కనుక్కోవడానికి నేను తిరిగి ఫోన్ చెయ్యలేదు. తల్లిని ఆ తడిలో వదిలేసి కారెక్కే మనిషి కాదు. ఆ సంగతి నాకెప్పుడో తెలుసు. ఆయనకే, తెలుసుకునే అవసరం ఇన్నాళ్ళూ రాలేదు.