ఏడో పిల్లి

పైపులో నీళ్లు మొదట వేడిగానే వస్తాయి. పగలంతా కాగిన గొట్టం చల్లబడేదాకా భూమేష్ ఆ నీటిని మొక్కలకు తగలనివ్వడు, గోడవారగా వదిలేస్తాడు. తెల్లవారి నాలుగున్నరకే బనియను తడిసి వీపుకు అంటుకుపోయింది. కుడిచేత్తో పైపు పట్టుకుని, ఎడమచేతి బొటనవేలితో వేళ్ల కణుపులు తాకుతూ పిల్లులను లెక్కపెట్టాడు. ఖర్జూరం చెట్టు మొదట్లో రెండు. ఏసీ నీళ్లు బొట్లుబొట్లుగా కారేచోట మూడు. గోడమీద ఎర్రది. ఆరు. మళ్లీ లెక్కపెట్టాడు. ఆరే.

మచ్చలది లేదు.

పైపును బెండచెట్ల పాదిలో పడేసి, తోట మూలన ఉన్న వంటచోటుకు వెళ్లాడు. ఇనుప పొయ్యి వెనుక చూశాడు. బొగ్గుల బస్తాల మధ్య చేయి పెట్టి తడిమాడు. గురువారం సాయంత్రం మచ్చలది వెనక కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఈ బస్తాల మధ్యే దూరింది. తొడమీద శనగగింజంత రంధ్రం. రక్తం ఎండి వెంట్రుకలు అట్టకట్టాయి. అది పళ్ల గాటు కాదు, మేకు గీసింది కాదు. ఎయిర్‌గన్ గుండు తగిలిన గాయం.

ఆ ఇంట్లో ఎయిర్‌గన్ ఒకటే ఉంది. దాన్ని ముట్టుకునేవాళ్లు ఇద్దరే. ఒకరు ఇంటి పెద్దాయన, పనివాళ్లంతా బాబా అని పిలిచే డెబ్బై ఎనిమిదేళ్ల ఖతరీ. వయసులో ఉండగా క్లబ్బులో తుపాకీ పోటీలకు వెళ్లేవాడు. ఇప్పుడు సాయంత్రాలు తోటలో ఖాళీ టమాటా డబ్బాలు వరసగా పెట్టించుకుని కొడతాడు. రెండోవాడు ఆ డబ్బాలు పెట్టే డ్రైవర్ లియాఖత్ అలీ. గన్ను తుడిచేదీ అతనే, బీరువా తాళంచెవి ఉండేదీ అతని దగ్గరే. బాబా తన పళ్లెంలోని చేపముక్క తీసి పిల్లులకు పెట్టే మనిషి. లియాఖత్ ఏమో కారు బానెట్ మీద గోళ్లగీతలు చూసి వాటిని తిట్టే మనిషి. భూమేష్‌కు ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

అనుమానం అతనికి గల్ఫ్‌లో దిగిన మొదటి నెలలోనే పట్టుకుంది. మెట్‌పల్లి నుంచి వచ్చి కంపెనీ క్యాంపులో దిగినప్పుడు, పక్క మంచం మీది ఊరివాడే అతని బూట్లు వేసుకుని సైటుకు పోయాడు. ఆ రోజు చెప్పులతో డ్యూటీకి పోయినందుకు ఫోర్‌మన్ నలుగురిలో నిలబెట్టి తిట్టాడు. బూట్లు ఎత్తుకుపోయినవాడు ఆ నలుగురిలో నిలబడి నవ్వాడు. అప్పటినుంచి ఇరవై రెండేళ్లుగా భూమేష్ నూనె సీసా మీద పెన్నుతో గీత పెడతాడు. గది తలుపు మూసేటప్పుడు సందులో దారపుపోగు ఇరికించి వెళతాడు. లియాఖత్‌తో తొమ్మిదేళ్లుగా ఒకే కుండలో అన్నం తింటున్నాడు. అయినా ఆ దారం మానలేదు.

ఆ శుక్రవారం పొద్దున్నే భూమేష్, బాబా కూతురు మరియం మేడంకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. వేసవికి ఆమె పిల్లలతో లండన్ వెళ్లింది. తనకొచ్చిన అరబీ, హిందీ కలిపి చెప్పాడు. డ్రైవర్ పిల్లులను కాలుస్తున్నాడు, నేను చూశాను అన్నాడు. చూడలేదు. చూశాననకపోతే ఆమె నమ్మదేమోనని అలా అన్నాడు. సరే భూమేష్, నేను చూసుకుంటాను అని మాత్రం బదులొచ్చింది.

తొమ్మిదింటికి వంటింటి కిటికీ తెర పక్కకు జరిపి చూశాడు. లియాఖత్ కారు వెనక తలుపు తెరిచి, మూతున్న ప్లాస్టిక్ బుట్టను రెండు చేతులతో లోపల పెట్టాడు. బుట్టమీద తువ్వాలు కప్పి ఉంది. అటూ ఇటూ చూశాడు. తర్వాత తలుపును చప్పుడు కాకుండా ఒత్తి మూశాడు. ఎప్పుడూ ధడేల్మని వేసే మనిషి. చంపి ఎడారిలో పారేయడానికి తీసుకుపోతున్నాడని అనుకున్నాడు భూమేష్. ఫ్రిజ్ తెరిచి చూస్తే కోడి కార్జం పొట్లం కూడా తగ్గింది. మిగిలిన వాటికి ఎర వేయడానికేనని తేల్చుకున్నాడు.

పన్నెండింటికి కారు తిరిగొచ్చింది. పెరటి గేటు వైపు ఆగింది. లియాఖత్ కాసేపటికి ఖాళీ చేతులతో నడిచి వచ్చాడు.

“ఎటు పోయినవ్ లియాఖత్ భాయ్?” ఉల్లిగడ్డ కోస్తూ, తల ఎత్తకుండా అడిగాడు భూమేష్.

“పనుండె.”

“మచ్చలది కనవడ్తలేదు.”

లియాఖత్ సీసాలో నీళ్లు గటగటా తాగాడు. “ఎండ గిట్లున్నది. ఏడనో నీడకు పన్నదేమో భూమన్నా.”

బోధన్ మనిషి. తెలుగు తనకన్నా తియ్యగా మాట్లాడతాడు. ఆ తీపే భూమేష్‌కు ఇప్పుడు చేదనిపించింది. కత్తి కింద ఉల్లిగడ్డ రెండుసార్లు జారింది.

అంతలో లియాఖత్ ఫోన్ మోగింది. తెర మీద మేడం పేరు భూమేష్ కూడా చూశాడు. లియాఖత్ బయటికి నడిచి, నలభై ఆరు డిగ్రీల ఎండలో, నీడ రెండడుగుల దూరంలోనే ఉన్నా అందులోకి జరగకుండా నిలబడి విన్నాడు. ఎక్కువ వినడమే, మాట్లాడింది తక్కువ. “హాజర్, మేడం” అని సరేనన్నాడు రెండుసార్లు. తిరిగి వచ్చేసరికి ముఖం చెమటతో మెరుస్తోంది.

“ఇంటికి పోతున్న. సాయంత్రం ఫ్లైట్. టికెట్ పంపింది మేడం.”

“మళ్ల ఎప్పుడొస్తవ్?”

లియాఖత్ నీళ్ల సీసా మూత బిగించాడు. “అమ్మకు పానం బాగలేదని బాబాకు చెప్తున్న. నువ్వు గూడ గదే చెప్పు.”

భూమేష్ తల ఊపాడు. లోపల ఏదో ముడి విడినట్టు హాయిగా అనిపించింది. ఇక పిల్లులకు భయం లేదు.

మధ్యాహ్నం విశ్రాంతి వేళ గదిలో పడుకుని ఇంటికి వీడియో కాల్ చేశాడు. భార్య ప్రమీల ఇంటి ముందు అరుగు మీద బీడీలు చుడుతోంది.

“నీ ఎనుక ఎవరు కూసున్నరు?”

“ఎవరున్నరు? కుర్చీల బట్టలు.”

“ఫోన్ అటు తిప్పు.”

ఆమె తిప్పింది. కుర్చీలో ఉతికిన బట్టలే ఉన్నాయి. ఆమె ఫోన్ మళ్లీ తన వైపు తిప్పుకుని, చుట్టిన బీడీకి దారం కట్టి తెంపింది. “గల్ఫ్ పోయి ఇరవై రెండేండ్లాయె. ఇంక నీకు నమ్మకం కుదుర్తలేదు” అంది, కోపం లేకుండానే. ఆ మాటతో కాల్ అయిపోయింది.

సాయంత్రం తోటలో వేడిగాలి కొంచెం తగ్గింది. నాటి మూడో నెల పడిన పుదీనా, గోంగూర మడులకు నీళ్లు చల్లి, భూమేష్ బొగ్గులు అంటించాడు. షేరీ చేపలకు పసుపు, ఎండునిమ్మ పొడి పట్టించి పెట్టాడు. బాబాకు ఈ వేసవిలో తోటలో కాల్చిన చేప తప్ప మరేదీ సయించడం లేదు. విసనకర్రతో విసరసాగాడు. గంట కిందట నీళ్లు చల్లుతున్నప్పుడే పెరటి వైపు నుంచి టాక్సీ వెళ్లిపోయిన చప్పుడు వినబడింది. తల తిప్పలేదు.

బాబా తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషాలో, గన్ను చంకన పెట్టుకుని నెమ్మదిగా వచ్చాడు.

“లియాఖత్ లేడు. డబ్బాలు నువ్వు పెట్టు” అన్నాడు.

ఇసుకబస్తాల ముందు చెక్కమీద భూమేష్ ఆరు డబ్బాలు పెట్టి, పక్కకు తప్పుకున్నాడు. తొమ్మిదేళ్లుగా ఈ ఆట జరిగినప్పుడల్లా అతను పొయ్యి వైపు తిరిగే ఉండేవాడు. టప్‌మని చప్పుడు, వెంటనే “పడింది బాబా!” అని లియాఖత్ కేక, ముసలాయన నవ్వు. అంతవరకే తెలుసు. ఇవాళే మొదటిసారి నిలబడి చూస్తున్నాడు.

మొదటి గుండు చెక్కకు బారెడు దూరాన ఇసుకలో దిగింది.

“పడిందా?”

భూమేష్ డబ్బాలు లెక్కపెట్టాడు, ఆరూ నిలబడే ఉన్నాయి. రెండోది నీళ్ల డ్రమ్ముకు తగిలి ఖంగుమంది. ఆ చప్పుడుకు బాబా తృప్తిగా తల ఊపాడు. మూడోసారి గన్ను ఎత్తి, డబ్బాల వైపు కాకుండా గోడ వైపు తిప్పాడు. కళ్లు చికిలించాడు.

“ఆ ఎర్ర డబ్బాను అంత పైన ఎందుకు పెట్టావు?”

గోడమీద ఎర్రపిల్లి కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది.

భూమేష్ చేతిలో విసనకర్ర ఎక్కడ పడిందో తెలియదు. రెండంగల్లో వెళ్లి గన్ను గొట్టాన్ని పట్టుకుని కిందికి దించాడు. యజమాని చేతిలోని వస్తువును అలా పట్టుకోవడం ఈ ఇరవై రెండేళ్లలో అదే మొదలు.

“బాబా, అది డబ్బా కాదు. పిల్లి.”

ముసలాయన చాలాసేపు గోడ వైపే చూశాడు. ఎర్రది లేచి ఒళ్లు విరుచుకుని అవతలికి దూకాక గాని ఆయన ముఖం మారలేదు. “లియాఖత్ ఎప్పుడూ పడిందనేవాడు” అన్నాడు చివరికి, ఎవరికో చెప్పినట్టు. గన్నును భూమేష్ చేతుల్లో పెట్టి, కుర్చీ అంచును తడుముకుంటూ కూర్చున్నాడు.

భూమేష్ చేపలను పొయ్యిమీదే వదిలేసి లియాఖత్ గదికి పరుగెత్తాడు. మంచం మీద పరుపు చుట్టి ఉంది. ఫోన్ చేశాడు. మూడో రింగుకు ఎత్తాడు లియాఖత్. వెనక ఎయిర్‌పోర్టు ప్రకటనలు వినిపిస్తున్నాయి.

“లియాఖత్ భాయ్... బాబాకు కండ్లు కనవడ్తలెవ్వు.”

“రెండేండ్లాయె.”

“నాకెందుకు చెప్పలే?”

“గురువారం బీరువాకు తాళం ఎయ్యకుండ బండి సర్వీసుకు తీస్కపోయిన. వచ్చేసరికి బాబా ఒక్కడే కొడ్తున్నడు. పిల్లి అరిచింది. ఆయన డబ్బా పడ్డదని నవ్వవట్టె. నేనేం చెప్పాలె? మేడంకు తెలిస్తే గన్ను తీస్కపోతది. గది చేతిల ఉంటెనే ముసలాయన మంచం దిగుతడు భూమన్నా.”

“మేడంకు నేను...”

“నువ్వు పెట్టిన మెసేజ్ మేడం నాకు వినిపించింది. నేనైనా గట్లనే అనుకుందును. పెరట్ల పంపురూం వెనుక చూడు. డాక్టర్ పొద్దుగాల గుండు తీసిండు. మందు పొద్దుమాపు రాయాలె.” పిలుస్తున్నారని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

భూమేష్ అక్కడే గడప మీద కూర్చుని మేడంకు మెసేజ్ పెట్టాడు. తప్పు నాది, నేను చూడలేదు, లియాఖత్ ఏ పిల్లినీ కాల్చలేదు అని మూడుసార్లు చెప్పాడు. బాబా కళ్ల సంగతి నోటిదాకా వచ్చింది గాని మింగేశాడు. జవాబు వెంటనే వచ్చింది. టికెట్ కొనడం అయిపోయింది భూమేష్, ఆదివారం కొత్త డ్రైవర్ వస్తాడు. దాన్ని రెండోసారి వినలేదు.

తోటలోంచి చేప మాడిన వాసన వస్తోంది. బాబా పిలవడం లేదు.

పంపురూం వెనక, గోడ నీడలో అట్టపెట్టె ఉంది. పక్కన కార్జం ముక్కలున్న మూత, నీళ్ల గిన్నె. మచ్చలది కట్టు కట్టిన కాలు చాపుకుని పడుకుని, భూమేష్‌ను చూసి ఒక్కసారి మూలిగి, మళ్లీ తల వాల్చేసింది. దాని కింద పరిచింది లియాఖత్ డ్యూటీ చొక్కా, లేత నీలంది, శుభ్రంగా ఉతికి నాలుగు మడతలు వేసింది. పుండుకు ఒత్తుకోకుండా దాని గుండీలన్నీ కత్తిరించేసి ఉన్నాయి, గుండీ ఉండాల్సిన ప్రతిచోటా రెండు దారపుపోగులు మాత్రం నిలబడి ఉన్నాయి.