ముందు మీరు కానివ్వండి

హెల్సింకీలో ఆర్కెస్ట్రా నడిపే పై చదువు చదువుతున్న టాపియోకి మర్యాద పుట్టుకతో వచ్చిన జబ్బు. గురువు లెహ్తోనెన్ మాటల్లో మహా పొదుపరి. రెండేళ్లుగా శిష్యుడికి ఆయన నేర్పింది ఒకే ముక్క: "విను." టాపియో విన్నాడు. ఎంత విన్నాడంటే, చేతిలో తాళం చూపే పుల్ల ఎందుకుందో మరిచిపోయేంత.

ఆఖరి పరీక్ష వచ్చింది. నెమ్మదిగా సాగే ఒక పాటను ఆర్కెస్ట్రా చేత చివరిదాకా వాయిస్తే పట్టా. మధ్యలో ఆగిందా, ఇంకో ఏడాది చదవాల్సిందే.

మొదలు బాగానే ఉంది. సన్నాయిలాంటి ఓబో ఊదే పెద్దావిడ ఐలా పాట అందుకుంది. ఆవిడ ఏ స్వరం మీద ఎప్పుడు వాలుతుందో చూసి చెయ్యి దించుదామని టాపియో ఆగాడు. అతని చెయ్యి దిగితే వాలుదామని ఆవిడ ఆగింది. ఆవిడ సాగదీసిందని ఇతను ఇంకాస్త నెమ్మదించాడు. ఇతణ్ణి చూసి వయొలిన్లవాళ్లూ నెమ్మదించారు. ఫిన్లాండువాళ్లు కదా, ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. పెళ్లినడకతో బయలుదేరిన పాట నత్తనడకకు దిగి, చతికిలబడేలా ఉంది. వెనక డోలు వాయించేవాడు ఆవులించాడు.

ఇంతలో ఐలా ముఖం కందగడ్డలా అయింది. ఓబోతో వచ్చే చిక్కు ఊపిరి చాలకపోవడం కాదు, లోపలున్నది బయటికి పోకపోవడం. టాపియోకి పైప్రాణాలు పైనే పోయాయి. పట్టా పోతే పోయింది, ఈవిడ ప్రాణం పోతేనో? తను నిలబడ్డ బల్ల అదిరేలా కాలితో తన్ని, పుల్ల విదిలించి, "పదండి!" అని అరిచాడు.

అరవై మందీ ఉలిక్కిపడి పరుగందుకున్నారు. పాట చివరిదాకా పోయి గానీ ఆగలేదు.

ముందు వరసలో కూర్చుని పరీక్ష చూస్తున్న లెహ్తోనెన్ లేచాడు. "ఎందుకరిచావ్?"

"ఐలా గారికి ఊపిరాడక ఏమైనా అయిపోతుందేమోనని భయమేసిందండీ."

"నాకా?" ఐలా గయ్యిమంది. "నాకేం రోగం! అవతల కాఫీ వేళ దాటిపోతోందయ్యా మహానుభావా! ఈ ఓబో నీ నెత్తిన విరగ్గొడదామా అని నేను చూస్తుంటే, నువ్వు నా మీద జాలిపడ్డావా?"

టాపియో ముఖం మాడిపోయింది. ఇంకో ఏడాది తప్పదనుకున్నాడు.

"విన్నది తప్పుగానే," అన్నాడు లెహ్తోనెన్. "కానీ నడిపించావు. పాస్."

టాపియోకి పట్టరాని సంతోషంతో ఏడుపొచ్చింది. ఆర్కెస్ట్రాకు కృతజ్ఞతలు చెబుదామని కళ్లు తుడుచుకుని అటు తిరిగాడు. కుర్చీలు తప్ప ఎవరూ లేరు. అరవై మందీ కాఫీకి పోయారు.