పోయకుండానే పెరిగే ఆయిల్

మా ఆయనకూ మా తమ్ముడికీ ఆదివారం పొద్దున్న ఒక పిచ్చి. ఇద్దరివీ ఒకే రకం పాత డీజిల్ కార్లు, ఒకే రోజు కొన్నారు. ఎవరింటి ముందు వాళ్లు బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, ఫోన్లో గొప్పలు చెప్పుకోవాలి. తమ్ముడి కారులో ఆయిల్ ఉన్నచోటే ఉండేది. మా కారులో వారం వారం పెరిగేది!

“చూశావా బామ్మర్దీ! అందరి బళ్లూ ఆయిల్ తాగుతాయి, మాది ఈనుతోంది!” అని మా ఆయన మీసం మెలేసేవాడు. పైగా తమ్ముడికి పాఠాలు. “బడికీ కొట్టుకీ తప్ప తియ్యకు. వేడెక్కకముందే ఆపెయ్.” స్టీరింగ్ వెనక ఎప్పుడూ వెలిగే పసుపు దీపం మీద తనలాగే నల్ల టేపు అంటించమన్నదీ ఆయనగారే.

“పొయ్యకుండా పెరగడమేంటండీ? అదేమన్నా పిండా, పులిసి పొంగడానికి?” అంటే నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసేవాడు.

ఆ ఆదివారం పాపని ఈతకు తీసుకెళ్లాలని బయల్దేరాం. పాపని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించాను. మా ఆయన స్టార్ట్ చేశాడు. కాలు తీసినా ఇంజిన్ మోత తగ్గలేదు. పెరిగింది. ఇంకా పెరిగింది. కారంతా గజగజ వణికింది. తెల్లటి పొగ వీధినంతా కమ్మేసింది.

“ఆపండీ!”

“ఆపానే! ఇదిగో తాళం, నా చేతిలోనే ఉందే!”

తాళం చేతిలో ఉంది, ఇంజిన్ అరుస్తూనే ఉంది! నా పైప్రాణాలు పైనే పోయాయి. దూకి వెనక తలుపు లాగాను. బెల్టు బొత్తాం నొక్కితే ఊడదే! పాప ఏడుపు కూడా వినపడటం లేదు, పెదాలు కదలడమే కనపడుతోంది. ఎలాగో ఊడింది. బిడ్డని చంకనేసుకుని పరిగెత్తాను, మా ఆయనా దూకి నా వెనకే. ఎదురింటి గేటు చేరేలోగా వెనక ఫెడేల్‌మంది. మోత ఆగిపోయింది.

వీధి చివర షెడ్డు మెకానిక్ పరిగెత్తుకొచ్చాడు. కింద కారిన ఆయిల్లో వేలు ముంచి వాసన చూశాడు.

“ఇందులో సగం డీజిలేనండీ! కొద్ది దూరాలకే తిప్పితే పొగగొట్టంలో జల్లెడ మసితో నిండిపోతుంది. పసుపు దీపం వెలిగేది అందుకే. ఆ మసిని కాల్చాలని బండి డీజిల్ ఎక్కువ పోసుకుంటుంది, అది కాలక ఆయిల్లోకి దిగుతుంది. పెరిగిన ఆయిల్నే తాగి ఇంజిన్ పరిగెత్తింది. ఇంక తాళంతో దానికి పనేముంది?”

మా ఆయన చేతిలో తాళం వంకే చూస్తున్నాడు.

అంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది. ఆయన కదల్లేదు. నేనే లాగి తీశాను. తమ్ముడు. ఆదివారం ఫోన్.

“బావా, మాదీ పెరిగింది! పై గుర్తు దాటేసింది! నువ్వు చెప్పినట్టే చేశా. మా బుజ్జిదాన్ని ఓ చుట్టు తిప్పుదామని వెనక బెల్టు కట్టి పడుకోబెట్టా, ఇదిగో స్టార్ట్ చేస్తున్నా...”

“ఒరేయ్, ముట్టుకోకు!” ఎంత గట్టిగా అరిచానో, పాప ఉలిక్కిపడి నా మెడ పట్టుకుంది. “ముందు పసిదాన్ని దించరా!”

“అక్కా? ఏమైందే?”

“దించరా!”

తలుపు తీసిన చప్పుడు. బెల్టు ఊడిన చప్పుడు. ఆ తర్వాత నిద్ర చెడిన పసిదాని ఏడుపు.

ఆ ఏడుపు చెవిన పడ్డాక నేను రోడ్డు మీదే కూలబడ్డాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చుని ఫోన్ అందుకున్నాడు. “అది పెరగడం కాదురా...” అన్నాడు. అంతే, ఆయనా భోరుమన్నాడు.